గేమింగ్ పీసీకి 62 వేలు సరే, ఆపదకు 6 వేలేనా?

ప్రశ్న: నా వయసు 24. మాది పశ్చిమ గోదావరి జిల్లా. హైదరాబాద్‌లో ఒక గోదాములో కాంట్రాక్టు ఉద్యోగం, ఏటా మార్చిలో పొడిగిస్తారు. చేతికి 26,000 వస్తుంది. ఇంటికి 8,000 పంపుతాను. రూము, తిండి 9,000, బండి ఈఎంఐ 2,900 (ఇంకా 8 నెలలు), పెట్రోలు, ఫోను 2,000. నెలకు 4,100 మిగులుతోంది. బ్యాంకులో 6,000 ఉంది. వాలొరంట్, జీటీఏ 5 లాంటి గేములు ఆడటానికి గేమింగ్ పీసీ కొనుక్కోవాలని ఎప్పటి నుంచో కోరిక. షాపులో 62,000కు కొటేషన్ ఇచ్చారు, జత చేశాను. ఒక లోన్ యాప్ నెలకు ఒకటిన్నర శాతం వడ్డీతో 24 నెలలకు ఇస్తానంటోంది. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం, ఈఎంఐ 3,513. మిగిలేది 4,100 కాబట్టి సరిపోతుంది కదా? స్ట్రీమింగ్ చేసి ఆ డబ్బు రాబట్టాలనుకుంటున్నాను. లేదంటే అమ్మ గొలుసు మీద గోల్డ్ లోన్ తీసుకోమంటారా? యాప్‌లో దరఖాస్తు సగం నింపి ఆపాను.

జవాబు: లెక్కలన్నీ దాచకుండా రాశారు, సంతోషం. చాలామంది జీతం చెబుతారు, అప్పులు చెప్పరు. మీ ఉత్తరాన్నే ఎంచుకోవడానికి కారణం అందులోని ఒక్క మాట: ‘సరిపోతుంది కదా?’ ఈ ఏడాది నాకు వచ్చిన ఉత్తరాల్లో ఫోనుకైనా బైకుకైనా టీవీకైనా అందరూ వేసింది ఇదే లెక్క. మిగిలేదానికంటే ఈఎంఐ తక్కువైతే కొనేయొచ్చని. 4,100లోంచి 3,513 తీస్తే మిగిలేది 587. ఆ 587తో రెండేళ్లు నెట్టుకు రావాలి. బండి టైరు మార్చాలన్నా, పండక్కి ఊరెళ్లాలన్నా, జ్వరమొచ్చి మూడు రోజులు పడుకున్నా అందులోంచే.

ముందు ఆ ‘ఒకటిన్నర శాతం’ సంగతి చూద్దాం. మన ఊళ్లలో నూటికి రూపాయిన్నర వడ్డీకి ఇచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లను నేనేమీ మెచ్చుకోవడం లేదు. కానీ వాళ్లు కూడా సగం అసలు కట్టేస్తే మిగిలిన సగానికే వడ్డీ లెక్క కడతారు. మీ యాప్ అలా కట్టదు. మొదటి నెల నుంచి చివరి నెల దాకా 62,000 మీదే వేస్తుంది. మీ ఈఎంఐని విడదీస్తే అసలు 2,583, వడ్డీ 930. ఇరవై నాలుగో నెలలో మీరు బాకీ ఉండేది 2,583 మాత్రమే. రూపాయిన్నర చొప్పున దానికి వడ్డీ 39 రూపాయలు. మీ దగ్గర వసూలు చేసేది 930. మొత్తం మీద 84,320 కడతారు. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 1,463 ముందే కోసుకుంటారు. ఇవన్నీ కలిపితే నిజమైన వడ్డీ ఏడాదికి 34 శాతం దగ్గర తేలుతుంది. మీరనుకున్న 18 కాదు. అప్పు ఇచ్చేముందు ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’, అంటే అప్పు ముఖ్య వివరాల పత్రం, ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. అందులో ఏపీఆర్ (ఫీజులూ కలిపిన ఏడాది వడ్డీ శాతం) అన్న గడి చూడండి. ఈఎంఐ ఎంతో పెద్ద అక్షరాల్లో చూపించి ఆ గడిని అడుగున దాచేవాళ్ల దగ్గర అప్పేమిటండీ?

షాపులో ‘నో కాస్ట్ ఈఎంఐ’ అని కూడా చెబుతారు. వడ్డీ లేని అప్పు అన్నదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పింది. రొక్కం ఇస్తే ఎంత తగ్గిస్తారో అడగండి, వడ్డీ ఎక్కడ కలిపారో బయటపడుతుంది.

ఇప్పుడు నా అసలు బాధ. మీకు నెలకు ఎలాగూ తప్పని ఖర్చు 21,900. బ్యాంకులో ఉన్నది 6,000. అంటే మార్చిలో కాంట్రాక్టు పొడిగించకపోతే తొమ్మిదో రోజుకి మీ చేతిలో చిల్లిగవ్వ ఉండదు. ఈఎంఐ పెట్టుకుని ఉంటే పరిస్థితి ఇంకా ఘోరం. ఖాతాలో డబ్బు లేక కిస్తీ వెనక్కి పోతే బ్యాంకు ఒక జరిమానా, అప్పిచ్చినవాడు ఇంకో జరిమానా వేస్తారు, సిబిల్ స్కోరూ పడుతుంది. పోయిన వర్షాకాలంలో నా దగ్గరికి వచ్చిన ఒకాయనది అచ్చం మీలాంటి కథ. రెండు ఈఎంఐలు నడుస్తున్నాయి, పొదుపు సున్నా. వాళ్ల నాన్న స్నానాల గదిలో జారిపడ్డారు. ఆసుపత్రిలో అడ్వాన్సు కట్టడానికి క్రెడిట్ కార్డు మీద నగదు తీశాడు. తుంటి ఎముక రెండు నెలల్లో అతుక్కుంది. కార్డు బాకీ ఇంకా తీరలేదు.

మీ అమ్మానాన్నలకు ఎన్టీఆర్ వైద్య సేవ ఉంటుందనుకుంటాను, ఉంటే మంచిదే. కానీ అది జాబితాలో ఉన్న చికిత్సలకు. రాత్రికి రాత్రి బస్సెక్కి వెళ్లడం, బయట చేయించే పరీక్షలు, సెలవు పెట్టినందుకు కోసిన జీతం, ఇవన్నీ మీ జేబులోంచే. మీకంటూ చిన్న ఆరోగ్య బీమా కూడా తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ లేదు.

పీసీ వద్దనడం లేదు. వరస మార్చమంటున్నాను. మొదటి నాలుగు నెలలు 4,100 మొత్తం ఆపద నిధికే. ఉన్న ఆరు వేలతో కలిపి 22,400 అవుతుంది, ఒక నెల ఖర్చు. తర్వాతి నాలుగు నెలలు నిధికి, పీసీకి చెరి సగం. అప్పటికి బండి ఈఎంఐ తీరుతుంది, చేతిలో 7,000 మిగులుతుంది. అందులో 3,000 నిధికి, 4,000 పీసీకి. పదహారో నెల ముగిసేసరికి పీసీ డబ్బు 40,200, ఆపద నిధి 54,600. అప్పు చేస్తే ఆ నెలకి ఇంకా ఎనిమిది కిస్తీలు మిగిలే ఉంటాయి. ఆపద నిధిని యూపీఐకి కలపని ఖాతాలో పెట్టండి. వేలు తగిలితే పోయేచోట పెట్టిన డబ్బు ఆపద దాకా ఆగదు.

నలభై వేలకు ఏమొస్తుందంటారేమో. మీ కొటేషన్‌ని మా అన్నయ్య కొడుకుకి చూపించాను, వాడికి ఇదే లోకం. రంగుల లైట్ల ఫ్యాన్లు, గాజు క్యాబినెట్ కలిపి 6,500 వేశారు. పవర్ సప్లై దగ్గర మాత్రం కంపెనీ పేరు లేకుండా ‘600 వాట్స్, 1,400’ అని ఉంది. ‘బాబాయ్, దీన్నే ముందు తీసేయాలి’ అన్నాడు. ఇలాంటి ఊరూపేరూ లేని పవర్ సప్లై కాలిపోతూ వాడి మొదటి మదర్‌బోర్డునూ వెంట తీసుకుపోయింది. వాడి సలహా ఇది. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఇప్పుడే వద్దు. రైజెన్ 5 5600జీ లాంటి, గ్రాఫిక్స్ లోపలే ఉన్న ప్రాసెసర్ తీసుకోండి. ర్యామ్ 16 జీబీ ఒకే ముక్కగా కాకుండా 8 జీబీవి రెండు వేయించండి. లోపలి గ్రాఫిక్స్ ఆ ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి తేడా బాగా తెలుస్తుంది. స్టోరేజీకి 500 జీబీ ఎస్‌ఎస్‌డీ, పేరున్న కంపెనీ 550 వాట్ల, ‘బ్రాంజ్’ రేటింగున్న పవర్ సప్లై చాలు. మానిటర్ వాడినదైనా ఫరవాలేదు. మీరు రాసిన వాలొరంట్, జీటీఏ 5 దీని మీద సెట్టింగులు తగ్గించుకుని హాయిగా ఆడుకోవచ్చు. కార్డు రెండేళ్ల తర్వాత పెట్టుకున్నా అదే పెట్టెలో పడుతుంది.

2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండుతున్నాయి. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లన్నీ ఎగరేసుకుపోతున్నాయి. అందుకే ఈ లెక్క కొంత అటూ ఇటూ అవుతుంది. ఇంకా పెరుగుతుందేమోనని మాత్రం 34 శాతానికి అప్పు చేయకండి.

సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో పాత ఆఫీసు డెస్క్‌టాప్‌లు చవగ్గా దొరుకుతాయి. అయితే విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కంప్యూటర్‌లో ఉండాలి. అది లేకపోతే విండోస్ 11 మీద వాలొరంట్ తెరుచుకోదు. కొనేముందు అదొక్కటి చూసుకోండి.

స్ట్రీమింగ్ ఆదాయం గురించి. యూట్యూబ్‌లో ప్రకటనల డబ్బు రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. షార్ట్స్‌కి లెక్క వేరు. చేయండి, సరదాగా చేయండి. ఈఎంఐ తేదీ మాత్రం సబ్‌స్క్రైబర్ల కోసం ఆగదు.

గోల్డ్ లోన్ వడ్డీ యాప్‌ కంటే చవకే, కాదనను. అయినా గేములకు అమ్మ మెడలో గొలుసా? రేపు ఆ ఇంట్లో నిజంగా ఆపదొస్తే మిగిలిన ఒక్క ఆసరా అదే. ఈ ప్రశ్న ఆవిడ ముందు అడగలేదనే అనుకుంటున్నాను.

ఆ యాప్‌లో దరఖాస్తు సగం నింపి ఆపానని చివర్లో రాశారు. ఫోన్ సెట్టింగుల్లోకి వెళ్లి దానికి కాంటాక్ట్స్, ఫొటోల అనుమతులు ఉన్నాయేమో చూడండి. అప్పులిచ్చే యాప్‌లు అవి తీసుకోకూడదు. ఉంటే తీసేసి, ఖాతా మూయించి, యాప్‌ను ఈ రాత్రే తొలగించండి.