బట్టీ కొనే ముందు గంట లెక్క చూడండి

ప్రశ్న: మాది బొబ్బిలి దగ్గర పల్లె. ఇంటి వెనక రేకుల షెడ్డులో నేనూ మావారూ రంగు గాజుతో గోడకు తగిలించే ప్యానెళ్లు, ఇంటి నేమ్‌ప్లేట్లు చేస్తాం. చిన్న కరెంటు బట్టీ ఉంది. ఆర్డర్లు పెరిగాయి. నా నగలు తాకట్టు పెట్టి మూడున్నర లక్షల పెద్ద బట్టీ కొందామని, ఆయన గ్రోత్ సెంటర్ పారిశ్రామికవాడలో చేసే 17,000 జీతం ఉద్యోగం మానేద్దామని అనుకుంటున్నాం. చేయొచ్చా?

జవాబు: అమ్మా, ఖర్చులతో పాటు పని గంటలు కూడా రాసి పంపారు. చాలామంది ఆ ఒక్కటే రాయరు. నాకు జవాబు అక్కడే దొరికింది.

ప్యానెల్ 1,500కు అమ్ముతున్నారు. గాజు, రాగి టేపు, సోల్డర్ కలిపి 480, ప్యాకింగ్, కొరియర్ 220 పోతే 800 మిగులుతోందని రాశారు. పదింటిలో ఒకటి బట్టీలోనే పగులుతోందన్నారు కదా, ఆ నష్టం మిగతా తొమ్మిదీ మోయాలి. అంటే ఒక్కోదాని మీద సుమారు 50. కరెంటు 60. చివరికి మిగిలేది 690. ఇద్దరూ కలిసి తొమ్మిది గంటలు కూర్చుంటే గంటకు 77 రూపాయలు.

నేమ్‌ప్లేట్ సంగతి వేరు. 2,800లో సరుకు 700, పగుళ్లకు, కరెంటుకు 160 తీసేసినా 1,940 ఉంటుంది. ఆరు గంటల పనికి గంటకు 320 పైమాటే. అదీ మీ చిన్న బట్టీలోనే! పెద్ద బట్టీ వస్తే పెరిగేది 77 రూపాయల పని. కాబట్టి ఇప్పుడు కొనొద్దు. ప్యానెల్ ధర 2,200 చేయండి. కొందరు వెనక్కి తగ్గుతారు, తగ్గనివ్వండి. ఆ గంటలు నేమ్‌ప్లేట్లకు పెట్టండి.

నేమ్‌ప్లేట్లు గృహప్రవేశాల మీద ఆధారపడిన సరుకు. ఆషాఢంలో, మూఢంలో ఆర్డర్లు రావు. ముహూర్తాలున్న నెలల్లో ప్రతి నేమ్‌ప్లేట్ నుంచి 500 వేరే ఖాతాలో వేయండి. ఆషాఢం కూడా కలిపి వరుసగా ఆరు నెలలు మీ పని మీద నెలకు 17,000 మిగిలితే, అప్పుడు ఉద్యోగం గురించి మాట్లాడుకుందాం. ఆ జీతానికి ఈఎస్ఐ ఉంటుంది, అంటే ఇంటిల్లిపాదికీ వైద్యం. ఉద్యోగం మానేస్తే అది కూడా పోతుంది.

నగలు మాత్రం ముట్టుకోవద్దు. బంగారం అప్పుకు వడ్డీ తక్కువే కావచ్చు, కానీ చాలాచోట్ల ఏడాదికల్లా మొత్తం కట్టాలి. రేపు నిజంగా బట్టీ అవసరమైతే ముద్ర కిశోర్ అనే ప్రభుత్వ రుణ పథకం కింద 5 లక్షల వరకూ తాకట్టు లేకుండా అడగొచ్చు. 12 శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు అనుకుంటే మూడున్నర లక్షలకు నెలకు 7,800 దాకా కట్టాలి. ముందుగా చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ చేయించుకోండి. అది పూర్తిగా ఉచితం, ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి. విశ్వకర్మ పథకంలో అప్పు వస్తుందని ఎవరో చెప్పారన్నారు. అందులోని 18 వృత్తుల్లో గాజు పని లేదు, దాని కోసం తిరగొద్దు.

నాకు ఎక్కువ దిగులు మీ రేకుల షెడ్డు గురించి. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరులో వచ్చింది, తిత్లీ 2018 అక్టోబరులో. దీపావళి సరుకంతా షెడ్డులో ఉండే రోజులవి. ఇంటి బీమా ఉన్నా వ్యాపారం సరుకుకు అది వర్తించకపోవచ్చు. చిన్న సంస్థల కోసం భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే పాలసీ ఉంది. బట్టీ, గాజు, తయారైన సరుకు అన్నిటి విలువా రాసి, తుపాను, వరద నష్టం కూడా అందులోకి వస్తుందా అని అడిగి తీసుకోండి. చేయిజారి పగిలినవాటికి అది పనికిరాదు, వాటిని ధరలోనే వేసుకోవాలి.

ఈ నెల నుంచే కొత్త ధర పెట్టి, మూడు నెలల పద్దు గంటలతో సహా మళ్లీ పంపండి.