అమ్మ లేని పెయ్యదూడను ఆవును చేసుకోవాలంటే

నాయనా,

పుంగనూరు సంతలో తల్లి లేని పెయ్యదూడను కొన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పొట్టి పుంగనూరు జాతేమో అని ముచ్చటపడ్డాను గానీ, జెర్సీ క్రాస్ అంట. పోనీలే. పిల్లలు అప్పుడే పేరు కూడా పెట్టేశారంట. పేరుదేముంది, ముందు దాని బొడ్డు చూడు. తడిగా ఉంటే పుట్టి రెండు మూడు రోజులే అయినట్టు. ఎండి పుల్లలా వేలాడుతుంటే ఇంకాస్త పెద్దది. ముట్టుకుంటే వేడిగా, వాచి ఉండి అది గింజుకుంటే లోపల చీము పట్టిందన్నమాట, ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించు. వాపు లేకపోతే చిన్న కప్పులో టింక్చర్ అయోడిన్ పోసి, బొడ్డు ఎండేదాకా రోజుకు రెండుసార్లు అందులో ముంచు.

ఇంకో మాట. పాలు పిండి బతికేవాడు కోడెదూడను అమ్మాడంటే అర్థముంది, పెయ్యను ఎందుకు అమ్మినట్టు? తల్లి చచ్చిపోయి ఉండొచ్చు, డబ్బు అవసరం పడి ఉండొచ్చు. కానీ నేను ఒకసారి బాగా దెబ్బతిన్నాను. నున్నగా ముద్దొచ్చే పెయ్యను తెచ్చి మూడేళ్లు మేపాను, ఒక్కసారి కూడా ఎదకు రాలేదు. తీరా చూస్తే అది కవల, తోడుపుట్టింది కోడె. కోడెతో కలిసి పుట్టిన పెయ్యల్లో పదింట తొమ్మిది గొడ్డువే అవుతాయి. తల్లి కడుపులోనే కోడె రక్తం దీనికి కలిసి గర్భసంచి సరిగా ఎదగదు. డాక్టరు పరీక్ష చేస్తే చిన్నప్పుడే తెలుస్తుంది. అమ్మినవాడిని అడిగితే ఒంటిదే అంటాడు, ఆ మాట నమ్మొద్దు.

నీ దూడ జున్నుపాలు తాగిందో లేదో ఎవరికీ తెలియదు కాబట్టి తాగలేదనే అనుకో. ఆవు కడుపులో ఉండగా దూడకు రోగాన్ని తట్టుకునే శక్తి అందదు, అదంతా జున్నుపాలలోనే వస్తుంది. పుట్టి ఒక రోజు దాటిందంటే దూడ పేగు ఆ శక్తిని రక్తంలోకి తీసుకోదు. ఇప్పుడు ఎవరింట్లోనో అడిగి జున్ను తెచ్చి పోసినా కడుపుకు కాస్త మేలేగానీ, పోయిన శక్తి రాదు. అందుకే మూడు వారాలు దాన్ని మీ పశువులకు దూరంగా కట్టు. కొట్టంలో పనంతా అయ్యాక చివర్లో దాని దగ్గరికి వెళ్లు, వెళ్లేముందు, వచ్చాక కూడా కాళ్లూ చేతులూ సబ్బుతో కడుక్కో. కింద ఎండుగడ్డి మందంగా పరిచి, తడిసింది తడిసినట్టు తీసేయి. మన వైపు చలిగాలి నీకు తెలియంది కాదు, రాత్రిపూట వీపు మీద గోనెసంచి కప్పి కట్టు.

ఇక పాలు. దిక్కులేని దూడను ఎక్కువగా చంపేది మన జాలే. అయ్యో పాపం, అమ్మ లేదని కడుపునిండా పట్టిస్తాం, మర్నాటికి పారుకుంటుంది. సంత నుంచి వచ్చిన మొదటి పూట పాలొద్దు, ఓఆర్ఎస్ కలిపిన గోరువెచ్చని నీళ్లు పట్టు. తర్వాత నుంచి దాని బరువులో పదో వంతు పాలు రోజంతటికీ. బరువు తూచడానికి తక్కెడ ఎక్కడుంది అంటావు. దర్జీ టేపు తీసుకో. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం మొన నుంచి పిర్ర ఎముక దాకా పొడవు, రెండూ అంగుళాల్లో కొలువు. చుట్టుకొలతను చుట్టుకొలతతో, మళ్లీ పొడవుతో హెచ్చవేసి 660తో భాగించు. చుట్టుకొలత 27, పొడవు 24 అయితే సుమారు 26 కిలోలు. అంటే రోజుకు రెండున్నర లీటర్లు, మూడు పూటలుగా. చేయి పెడితే మన ఒంటికంటే కాస్త వెచ్చగా తగలాలి, రోజూ అదే వేళకు అదే వేడి.

పాల సీసా తిరగేస్తే దాని రబ్బరు పీకలోంచి చుక్కచుక్కగా కారాలి, ధార కట్టకూడదు. మొదట నీ వేలికి పాలు రాసి దాని నోట్లో అంగిలికి ఆనించు. నాలుక వేలిని చుట్టుకుని లాగుతున్నప్పుడు వేలు జార్చి పీక పెట్టు. తల కాస్త పైకి, తల్లి పొదుగు దగ్గర ఎత్తినంతే. దూడ కడుపులో నాలుగు అరలుంటాయి, చీకి తాగితేనే పాలు తిన్నగా అవి అరిగే నాలుగో దానికి వెళ్తాయి. మన పెద్దవాళ్లలా వెదురు గొట్టంతో గొంతులో పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతే దగ్గి దగ్గి చస్తుంది.

ప్రతి పూటా సీసా అందించకముందు పేడ, చెవులు, కళ్లు చూడు. పేడ నీళ్లలా ఉండి, చెవులు చల్లబడి, కళ్లు గుంటపడితే ఒంట్లో నీరు పోతోంది. మెడ మీద చర్మం పట్టి లాగి వదులు, వెంటనే సర్దుకోవాలి. అలాగే ముడత పడి నిలిచిపోతే, లేదా దూడ లేవలేకపోతే ఓఆర్ఎస్‌తో కాదు, సెలైన్ ఎక్కించాలి. 1962కు ఫోన్ చెయ్యి, పశువుల అంబులెన్స్ వస్తుంది. జబ్బు అంతగా ముదరకపోతే పాలు మానకుండా, పాలకూ పాలకూ మధ్య లీటరు నీళ్లకు ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ కలిపి పట్టు. పాలలో మాత్రం కలపొద్దు. మీ అమ్మ గంజి పట్టమంటుంది చూడు, వద్దను. మూడు వారాల లోపు దూడకు పిండి అరగదు. మందుల షాపువాడు ఇచ్చే మాత్రలూ వద్దు. మూడు వారాలు దాటాక పేడలో రక్తం పడితే అది వేరే జబ్బు, దానికి మందు డాక్టరే రాయాలి.

పది పదిహేను రోజులకు ఏలికపాముల మందు మొదటి డోసు, తర్వాత ఆరు నెలల దాకా నెలకొకసారి, ఎంతనేది డాక్టరు చెప్తాడు. మట్టి నాకుతుంటే మూతికి చిక్కం కట్టు, ఉప్పు ఖనిజాల ఇటుక వేలాడదీయి.

రెండో వారం నుంచి దూడ దాణా గుప్పెడు, శుభ్రమైన నీళ్లు దగ్గర పెట్టు. తొలుత నాకి వదిలేస్తుంది, పాలు తాగిన వెంటనే మూతికి కాస్త రాయి, అలవాటవుతుంది. దాణా తింటేనే మేత అరిగే పెద్ద కడుపు ఎదుగుతుంది. రోజూ కిలో దాకా తింటోందంటే పాలు కొద్దికొద్దిగా తగ్గించు, మామూలుగా మూడు నెలలకు అవుతుంది. పాల ఖర్చుకు భయపడి తొందరగా మాన్పి ఎండుగడ్డి వేసినవాళ్ల దూడలు చూశావుగా, కడుపు కుండలా, వీపు ఎముకలు బయటికి.

నాలుగు నెలలు నిండగానే గాలికుంటు టీకా. నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య పెయ్యలకు మాత్రమే వేసే బ్రూసెల్లా టీకా ఉంది, జన్మకు ఒకసారే. చూడి ఆవు నెలలు నిండకముందే ఈసుకుపోయే జబ్బు అది, మనుషులకూ అంటుతుంది. రెండూ ప్రభుత్వమే ఉచితంగా వేస్తుంది. క్రాస్ జాతి కాబట్టి పిడుదులను అసలు పట్టనివ్వకు, వాటివల్ల వచ్చే జ్వరం దీన్ని రెండు మూడు రోజుల్లో పడేస్తుంది.

ఎదకు రాగానే చూడి కట్టించే ఇంజెక్షన్ చేయించాలని తొందరపడకు. వయసు కాదు, 250 కిలోలు వచ్చిందా చూడు. బాగా మేపితే ఏడాదిన్నరకు వస్తుంది. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున చేయించు. నిలవకపోతే 21 రోజులకు మళ్లీ వస్తుంది. రెండు మూడు నెలలకు చూడి పరీక్ష చేయించు. నిలిచిన దగ్గర్నుంచి 280 రోజులు లెక్కపెట్టుకుని క్యాలెండర్ మీద గీత గీసుకో.

అది ఈనిన రోజు, మాయ పడేదాకా ఆగుదామని ఎవరు చెప్పినా వినకు. రెండు గంటల్లోపే దాని దూడకు జున్నుపాలు పట్టించు. అది కడుపునిండా తాగాక మిగిలితే నాకో చెంబు పంపు.

మీ అత్త