వ్యాసం నేర్పాలంటే గ్రామర్ నుంచి మొదలుపెట్టకండి

అమెరికాలో ఒక కమ్యూనిటీ కాలేజీలో, అంటే రెండేళ్ల కోర్సులుండే స్థానిక ప్రభుత్వ కాలేజీలో, ఇంగ్లీషు పార్ట్‌టైమ్ టీచర్‌గా చేరబోతున్నానన్నారు. నాలుగు వాక్యాలు తప్పుల్లేకుండా రాయలేనివాళ్లకు వ్యాసం నేర్పాలంటే ముందు గ్రామర్ చెప్పాలా అని అడిగారు. వద్దండీ. నేను కాలిఫోర్నియా బే ఏరియాలో చాలా ఏళ్లుగా ఈ క్లాసులే చెబుతున్నాను. గ్రామర్ వర్క్‌షీట్లతో మొదలుపెట్టారంటే సెమిస్టర్ సగానికల్లా సగం కుర్చీలు ఖాళీ అవుతాయి.

మీ ముందు కూర్చునేవాళ్లలో చాలామంది పిల్లలు కారు. ఉద్యోగం చేసి, ఇల్లు చూసుకుని, రాత్రి ఏడింటికి క్లాసుకొచ్చేవాళ్లు. అలాంటి ఒకామె సంగతి చెప్తాను. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చారు, వయసు నలభై దాటింది. వృద్ధులుండే నర్సింగ్ హోమ్‌లో నైట్ డ్యూటీ సహాయకురాలు. రిజిస్టర్డ్ నర్సు కోర్సులో చేరాలంటే ఇంగ్లీషు కంపోజిషన్ (వ్యాసరచన కోర్సు) పాసవ్వాలి కాబట్టి నా క్లాసుకొచ్చారు. కనీస వేతనం మీద వ్యాసం రాయమంటే, నేటి సమాజంలో కనీస వేతనం చాలా ముఖ్యమైన సమస్య అని మొదలుపెట్టి అయిదు పేరాలు రాశారు. మొదటిది, రెండోది, మూడోది, ముగింపు. మన ఇంటర్ గైడ్లలో ఉండే వ్యాసం లాంటిదే. అందులో ఆమె ఎక్కడా లేరు.

పార్ట్‌టైమ్ వాళ్లకు సొంత గది ఇవ్వరు కదా, క్యాంటీన్‌లో కూర్చుని మాట్లాడుకున్నాం. "పొద్దున డ్యూటీ దిగేటప్పుడు తర్వాతి షిఫ్టు వాళ్లకు ఏం చెప్తారు?" అని అడిగాను.

"రిపోర్టు ఇస్తాం ప్రొఫెసర్" అని గడగడా చెప్పుకుపోయారు. "12వ బెడ్ పెద్దాయన రాత్రి సగమే తిన్నారు. రెండుసార్లు మంచం దిగబోయారు. బాత్రూమ్‌కి పిలిస్తే నేను వేరే గదిలో ఉన్నాను, వెళ్లేసరికి పక్క తడిసిపోయింది. ఎడమ మడమ ఎర్రబడింది, పుండు పడకుండా చూడండి."

ఏది ముందు చెప్పాలి, ఏది వదిలెయ్యాలి, వినేవాళ్లకు ఏం కావాలి, అన్నీ ఆమెకు తెలుసు. వ్యాసం రాయడంలో అసలు కష్టం ఇదే. వేరే గదిలో ఎందుకున్నారని అడిగితే ఆ రాత్రి ఒక మనిషి తక్కువన్నారు. ఎందుకు తక్కువంటే, 2024 ఏప్రిల్ నుంచి కాలిఫోర్నియాలో పెద్ద ఫాస్ట్‌ఫుడ్ సంస్థల్లో గంటకు కనీసం 20 డాలర్లు ఇవ్వాలని చట్టం వచ్చింది, తోటి ఆవిడ అటు వెళ్లిపోయింది. "ఇదే మీ వ్యాసం, రాయండి" అన్నాను.

రెండో డ్రాఫ్టు 12వ బెడ్ దగ్గర మొదలైంది. జరిగిపోయిన సంగతులన్నీ ప్రెజెంట్ టెన్స్‌లోనే ఉన్నాయి. నేను ఒక్క పేరాలో క్రియల కింద గీతలు గీసి, మిగతా పేరాలు పైకి చదువుతూ మీరే పట్టుకోండి అన్నాను. చాలావరకు పట్టుకున్నారు. ఆర్టికల్స్ (a, an, the) జోలికి ఆ వారం పోలేదు. ఒక పేపర్ మీద ఒకటే రకం తప్పు, అంతే. పేజీ నిండా ఎర్ర సిరా చూసినవాళ్లు తర్వాతిసారి తెలిసిన చిన్న చిన్న వాక్యాలే రాస్తారు. 1970లో న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ అందరికీ తలుపులు తెరిచినప్పుడు అక్కడ ఈ క్లాసులు నడిపిన మీనా షానెసీ వేల పేపర్లు చదివి చెప్పింది కూడా ఇదే. ఆ తప్పులు బద్ధకం వల్ల వచ్చేవి కావు, వాటి వెనక ఒక లెక్క ఉంటుంది.

ఇంతకుముందు ఇలాంటివాళ్లను ఒక కంప్యూటర్ పరీక్ష పెట్టి రెండు మూడు మెట్లు కింది క్లాసుల్లోకి తోసేసేవారు. మెట్టుకో సెమిస్టర్, ఫీజు కట్టాలి, డిగ్రీకి మాత్రం ఆ క్రెడిట్లు లెక్కలోకి రావు. పైమెట్టు ఎక్కేలోపే మానేసేవారు. 2017లో కాలిఫోర్నియాలో వచ్చిన ఏబీ 705 అనే చట్టంతో అది పోయింది. ఇప్పుడు హైస్కూల్ మార్కులు చూసి నేరుగా అసలు కంపోజిషన్‌లో కూర్చోబెడతారు, కావాల్సినవాళ్లకు అదనపు గంటలు జోడిస్తారు. బాల్టిమోర్ దగ్గరి కమ్యూనిటీ కాలేజీలో 2007 నుంచే ఈ పద్ధతి ఉంది. దీన్ని తిట్టే టీచర్లు ఉన్నారు, ప్రమాణాలు పడిపోయాయంటారు. నేను ఒప్పుకోను.

ఇంకో మాట. మన తెలుగువాళ్ల ఇళ్లలో కమ్యూనిటీ కాలేజీ అంటే చిన్నచూపు. "అక్కడ చదువు రానివాళ్లే కదండీ ఉండేది" అని నా మొహం మీదే అన్నవాళ్లున్నారు. పొద్దున ఏడింటికి డ్యూటీ దిగి, సాయంత్రం డ్రాఫ్టు పట్టుకొచ్చే మనిషిని వాళ్లు ఒక్కసారి చూడాలి. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఏఐతో రాయించుకొస్తారేమో అని కూడా మీకు టెన్షన్ ఉంటుంది. 12వ బెడ్ గురించి ఏఐకి తెలియదు. మొదటి వారం టాపిక్ ఇవ్వకండి, వాళ్ల పనిలో ఎవరికీ తెలియని సంగతి ఒకటి మీకు వివరించమనండి, క్లాసులోనే, చేత్తో. అన్నట్టు, చేరేముందు ఆ అదనపు గంటలకు జీతం ఇస్తారో లేదో డిపార్ట్‌మెంట్‌ను గట్టిగా అడగండి. నేను పనిచేసిన ఒకచోట చాలాకాలం ఇవ్వలేదు.