యూకే నంబర్ ప్లేట్ కారుతో యూరప్ సిటీల్లోకి వెళ్తే ఈ పొల్యూషన్ జోన్ రూల్స్ మనకీ వర్తిస్తాయా?

వర్తిస్తాయండి, అందులో డౌటే లేదు. పొల్యూషన్ జోన్ అంటే ఎక్కువ పొగ వదిలే కార్లని రానివ్వని, లేదా వాటి దగ్గర డబ్బు కట్టించుకునే ఊరి భాగం. మాంచెస్టర్ నుంచి మీ 2016 పెట్రోల్ కారులో పారిస్, బ్రస్సెల్స్ చూసుకుంటూ ఫ్రాంక్‌ఫర్ట్ దాకా వద్దామనుకుంటున్నామని, మీ వాట్సాప్ గ్రూపులో ఎవరో "ఫారిన్ ప్లేట్‌ని ఎవరూ పట్టించుకోరు, హాయిగా వెళ్ళండి" అన్నారని రాశారు కదా. దయచేసి ఆ మాట వినకండి. నేను ఫ్రాంక్‌ఫర్ట్‌లో, జోన్ లోపలే ఉంటాను. మా ఇంటికి కార్లేసుకుని వచ్చే చుట్టాలూ ఫ్రెండ్సూ అందరికీ, కారు జోన్‌లోకి రావచ్చని అద్దం మీద అంటించే స్టికర్ల పని నా మీదే పడుతుంది కాబట్టి కాస్త గట్టిగానే చెప్తున్నా.

ముందు మీ కారు సంగతి. 2016 పెట్రోల్ అంటే పొగ విషయంలో యూరోప్ పెట్టిన యూరో 6 ప్రమాణం, ఇండియా లెక్కలో చెప్పాలంటే బీఎస్6 లాంటిది, అది మన దగ్గర 2020 ఏప్రిల్‌లో వచ్చింది. అంటే మీ కారు మంచి కారే, మీరు రాసిన ఊళ్ళన్నిట్లోకీ రానిస్తారు. కానీ ఆ సంగతి వాళ్ళకి ఎలా తెలుస్తుంది? మీ బండి వివరాలు స్వాన్సీలో డీవీఎల్ఏ అనే యూకే బండ్ల రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర ఉన్నాయి, బెల్జియం కెమెరా మీ నంబర్ చదివి వాళ్ళ లిస్టులో వెతుక్కుంటుంది, లిస్టులో లేకపోతే మీది కొత్త కారో పాత డీజిలో దానికి తెలీదు. నా కారు క్లీన్ అని మనమే ముందుగా వాళ్ళకి చెప్పుకోవాలి, ఒక్కో దేశంలో ఒక్కో రకంగా. మీ మాంచెస్టర్‌లో జోన్ పెడతామని బోర్డులు కూడా కట్టి చివరికి మానేశారు కాబట్టి మీకిది అలవాటు ఉండకపోవచ్చు, బర్మింగ్‌హామ్ వాళ్ళని అడగండి, 2021 జూన్ నుంచి రూల్‌కి సరిపోని కారుకి రోజుకి 8 పౌండ్లు కడుతున్నారు.

మా బావగారి కథ చెప్తా, అప్పుడు బాగా అర్థమవుతుంది. అక్కా బావా రెడింగ్‌లో ఉంటారు, వాళ్ళది ఎలక్ట్రిక్ కారు. అమ్మా నాన్నా విజయవాడ నుంచి వచ్చి వాళ్ళ దగ్గర ఉన్నప్పుడు అందరికీ షెంగెన్ వీసాలు తీయించి, మేనల్లుణ్ణి కూడా ఎక్కించుకుని ఐదుగురూ కారులోనే మా ఇంటికి బయల్దేరారు. ఫోక్‌స్టన్‌లో కారుతో సహా రైలెక్కితే ముప్పై ఐదు నిమిషాల్లో కలేలో దిగుతారు, అమ్మకి అది ఎంత నచ్చిందో ఇప్పటికీ చుట్టాలందరికీ చెప్తుంటుంది. అక్కణ్ణుంచి గెంట్, బ్రస్సెల్స్ రింగ్ రోడ్, లీయేజ్, కొలోన్ మీదుగా శనివారం సాయంత్రానికి లింబుర్గ్ దగ్గరకొచ్చి చార్జింగ్‌కి ఆగి ఫోన్ చేశారు. ఇంకో గంటలో ఇంట్లో ఉంటాం, మీ వీధిలో చార్జర్ ఉంది కదా అని ఇక్కడ కొంచెమే ఎక్కించాను అన్నారు బావగారు. గ్రీన్ స్టికర్ తీసుకున్నారా బావా అని అడిగా. "పొగ గొట్టమే లేని కారుకి పొగ స్టికర్ ఏంటయ్యా, నంబర్ ప్లేట్ మీద పచ్చ గీత కూడా ఉంది కదా" అన్నారు. ఆ పచ్చ గీత ఇంగ్లండ్‌లో ఎలక్ట్రిక్ కార్లకి ఇచ్చేది. జర్మనీ రూల్‌కి అద్దం మీద పచ్చ స్టికర్ కావాలి. పెట్రోలా డీజిలా కరెంటా, జర్మన్ కారా ఫారిన్ కారా అన్నది వాళ్ళకి అనవసరం, ఎలక్ట్రిక్ కారుకి కూడా స్టికర్ ఉండాల్సిందే. లేకపోతే ఫైన్ 100 యూరోలు, పైన ఖర్చులు వేరే. కారు నడపక్కర్లేదు, రోడ్డు పక్కన పార్క్ చేసి ఉన్నా కాగితం పెట్టి వెళ్తారు.

శనివారం సాయంత్రం స్టికర్ ఎక్కడ దొరుకుతుంది? సోమవారం దాకా అన్నీ మూసేసి ఉంటాయి. అందుకని ఇంటికి రావద్దు బావా, ఏ66 హైవే మీద వస్తూ ఊరి బయట ఎష్‌బోర్న్ దగ్గర దిగిపోండి, నేను అక్కడికి వస్తా అన్నా. ఫ్రాంక్‌ఫర్ట్ జోన్ గుర్తుపెట్టుకోవడం తేలిక, ఏ5, ఏ3, ఏ661 ఈ మూడు హైవేల మధ్యలో ఉన్నదంతా జోన్, ఎష్‌బోర్న్ ఏ5కి ఇవతలే ఉంది. అంతే, అక్క ఫోన్ లాక్కుంది. "ఒరేయ్, నాన్నకి ఆయాసం, పిల్లాడు నిద్రపోతున్నాడు, డిక్కీ నిండా సామాను, ఇంకో పావుగంట నడిపితే ఇంట్లో ఉంటాం, నడిదారిలో దింపి రైలెక్కిస్తావా మమ్మల్ని?" అని గట్టిగా వేసుకుంది. వెనక నుంచి బావగారు శనివారం రాత్రి ఎవరు చూస్తారయ్యా అంటున్నారు. ఆ ఒక్క రాత్రి సంగతైతే నేనూ ఏమనేవాణ్ణి కాదేమో, కారు సోమవారం దాకా మా వీధిలోనే నిలబడాలి, మా వీధిలో పార్కింగ్ చెక్ చేసేవాళ్ళు రోజూ తిరుగుతారు, అందుకే నేను ఒప్పుకోలేదు.

వాళ్ళొచ్చేసరికి స్టేషన్‌కి దగ్గర్లో చార్జర్ ఉన్న పార్కింగ్ ఒకటి చూసి పెట్టా. నాన్న ఇన్‌హేలర్ జేబులో పెట్టుకుని అందరికంటే ముందు ఆయనే దిగి "రైలెంత దూరంరా, పదండి పదండి" అన్నారు. అమ్మ నా కోసమని రెడింగ్ నుంచి ఇడ్లీ పాత్ర తెచ్చింది, దాన్ని కారులో వదిలి రానంటే రానంది, నిద్రపోతున్న పిల్లాణ్ణి బావగారు భుజానేసుకున్నారు, అక్క సూట్‌కేస్ లాక్కుంటూ నా మొహం చూడకుండా నడిచింది, ఎస్-బాన్ (లోకల్ రైలు) కుదుపుకి ఆ ఇడ్లీ పాత్ర కవర్లోంచి గణగణమంటుంటే బోగీలో అందరూ మావైపే చూశారు. గాలుస్‌వార్టే స్టేషన్‌లో దిగి ఇంటికి నడుచుకుంటూ వెళ్ళిపోయాం. మొత్తం కలిపితే కారులో వచ్చినదానికంటే పెద్ద ఆలస్యమేమీ కాలేదు, ఆ మాట అక్క మాత్రం ఒప్పుకోదు.

సోమవారం పొద్దున బావగారూ నేనూ బండి టెస్టింగ్ సెంటర్‌కి వెళ్ళాం, వీ5సీ, అంటే యూకే కారు రిజిస్ట్రేషన్ కాగితం, చూపించాం, అక్కడున్నతను ఫ్యూయల్ దగ్గర ఏముందో చూసి, స్టికర్ మీద కారు నంబర్ పెన్నుతో రాసి, అద్దం లోపలివైపు కుడిచేతి పక్కన కింద అంటించమని ఇచ్చాడు. ఇంగ్లండ్ కారులో కుడివైపంటే స్టీరింగ్ ముందే కదా, బావగారు కాస్త విసుక్కున్నారు గానీ బాగా కిందికి అంటిస్తే చూపుకేమీ అడ్డం రాదు. దానికి గడువంటూ లేదు, కారు నంబర్ మారనంత కాలం బావగారి కారుకి జర్మనీలో అన్ని జోన్లలోనూ చెల్లుతుంది.

మీరు కూడా అలాగే తీసుకోండి, లేదా బయల్దేరే ముందే ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. ఇక్కడొక జాగ్రత్త. సెర్చ్ చేస్తే పైన వచ్చేవి చాలావరకు మధ్యవర్తుల సైట్లు, అచ్చం గవర్నమెంట్ సైట్‌లా జెండాలూ ముద్రలూ పెట్టి, మామూలుగా దొరికే స్టికర్‌కి ముప్పై యూరోల దాకా వసూలు చేస్తాయి. ఫ్రాన్స్ స్టికర్‌కీ ఇదే గొడవ. ఈ సైట్ల వల్లే మనవాళ్ళు ఇదంతా మోసం అనుకుని అసలు స్టికర్‌నే వదిలేస్తున్నారని నా గట్టి నమ్మకం. యూరోపియన్ యూనియన్ ఫోన్ చార్జర్‌ని ఒక్కటి చేయగలిగింది, స్టికర్‌ని ఎందుకు చేయలేకపోయిందో నాకు అర్థం కాదు. రిజిస్ట్రేషన్ కాగితం మీద గడులకి అన్ని దేశాల్లోనూ ఒకే కోడ్ పెట్టారు, మొదటి రిజిస్ట్రేషన్ తేదీకి బీ, ఫ్యూయల్‌కి పీ.3, పొల్యూషన్ క్లాస్‌కి వీ.9, అంటే సమాచారం అంతా ఉంది, కెమెరాలకి దాన్ని అన్ని దేశాల మధ్యా పంచుకునే ఏర్పాటే లేదు. 2009 నాటి యూరో 4 డీజిల్ కారుని తీసుకోండి, ఫ్రాంక్‌ఫర్ట్‌లో దానికి పచ్చ స్టికరే ఇస్తారు, అదే స్టికర్‌తో మ్యూనిక్ వెళ్తే 2023 ఫిబ్రవరి నుంచి లోపలికి రానివ్వరు, లండన్‌లో రోజుకి 12.50 పౌండ్లు, పారిస్‌లో 2025 జనవరి నుంచి సోమవారం నుంచి శుక్రవారం దాకా పగలంతా నిషేధం. కారు అదే, పొగ అదే. ఊరూరికీ రూల్ మారితే బయటి నుంచి వచ్చినవాళ్ళు ఏం గుర్తుపెట్టుకుంటారు చెప్పండి?

అయినా సరే, ఈ జోన్లు డబ్బులు గుంజడానికి పెట్టారనే మాట మాత్రం నేను ఒప్పుకోను, మన గ్రూపుల్లో ఈ మాట వింటే నాకు కోపం వస్తుంది. మా నాన్న విజయవాడలో బెంజ్ సర్కిల్ దాటి ఇంటికొస్తే రాత్రంతా దగ్గు, ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే మైన్ నది ఒడ్డున నడిచొచ్చేవారు, ఇన్‌హేలర్ చాలా తగ్గింది. లండన్ లూయిషామ్‌లో ఎల్లా అడూ-కిస్సీ-డెబ్రా అని తొమ్మిదేళ్ళ పాప, సౌత్ సర్క్యులర్ రోడ్డు దగ్గర ఇల్లు, ఆస్తమాతో 2013లో చనిపోయింది. వాళ్ళమ్మ ఏళ్ళ తరబడి పోరాడితే 2020 డిసెంబర్‌లో ఆ పాప చావుకి గాలి కాలుష్యం కూడా కారణమని కరోనర్ (చావుకి కారణం విచారించే అధికారి) తేల్చారు. ఆ వార్త చదివాక నాకు స్టికర్ ఖర్చు గురించి మాట్లాడాలనిపించదు. లండన్ జోన్‌ని 2023 ఆగస్టులో ఊరంతా పెంచినప్పుడు ఎంత గొడవ చేశారో చూశారు కదా, గొడవ చేసినవాళ్ళలో ఒక్కరైనా ఆ పాప పేరు తలుచుకోవాల్సింది.

అద్దె కారు తీసుకుంటే ఈ బాధ ఉండదా అని కూడా అడిగారు. స్టికర్ బాధ చాలావరకు తప్పుతుంది, ఎక్కడ అద్దెకు తీసుకుంటే ఆ దేశం స్టికర్ దాని మీద ఉంటుంది గానీ పక్క దేశానిది ఉండదు. ఇంకొకటి, మా ఫ్రెండ్ ఒకతను ఇటలీలో అద్దె కారుతో ఒక పాత ఊళ్ళోకి వెళ్ళాడు, అక్కడిది పొల్యూషన్ జోన్ కూడా కాదు, జడ్‌టీఎల్ అని పర్మిట్ ఉన్న కార్లనే రానిచ్చే వీధులు, యూరో 6 అయినా లాభం లేదు. కెమెరా ఫోటో తీసింది, ఇంటికెళ్ళిన చాలా నెలలకి ఫైన్ వచ్చింది, దానికి ముందే అద్దె కంపెనీ అతని అడ్రస్ పోలీసులకి ఇచ్చినందుకు ఫీజు అని కార్డులోంచి కట్ చేసుకుంది. హోటల్ ఆ వీధుల్లోనే ఉంటే వాళ్ళకి ముందే మెయిల్ పెట్టి కారు నంబర్ ఇవ్వండి, పర్మిట్ వాళ్ళు చూసుకుంటారు.

ఇక మీ రూట్. పారిస్‌కి క్రిటెయిర్ అనే ఫ్రాన్స్ పొల్యూషన్ స్టికర్ తీసుకోండి, మీ పెట్రోల్ కారుకి ఊదా రంగు, ఒకటో నంబర్‌ది వస్తుంది, అసలు సైట్‌లో పోస్టేజీతో కలిపి సుమారు ఐదు యూరోలే. ఈ జోన్లు ఎత్తేయాలని 2025లో అక్కడి నేషనల్ అసెంబ్లీలో ఓటింగ్ కూడా జరిగింది, అయినా ఆ వార్త నమ్ముకుని ఖాళీ అద్దంతో వెళ్ళకండి, స్టికర్ లేకపోతే 68 యూరోలు. బెల్జియంలో స్టికర్ లేదు, బ్రస్సెల్స్, ఆంట్‌వెర్ప్, గెంట్ మూడింట్లోనూ కెమెరాలే, కాబట్టి ఆ ఊళ్ళ లోపలికి వెళ్ళేట్టయితే కారు నంబర్ వాళ్ళ సైట్‌లో రిజిస్టర్ చేయాలి, డబ్బులేమీ అక్కర్లేదు, వీ5సీ ఫోటోలు పెట్టాలి. బ్రస్సెల్స్ రింగ్ రోడ్ మీద ఆగకుండా పోతే జోన్ తగలదు. ఫ్రాంక్‌ఫర్ట్‌కి పచ్చ స్టికర్. నన్నడిగితే మూడు ఊళ్ళలోనూ కారు బయటే పెట్టి రైల్లో లోపలికి వెళ్ళడమే సుఖం, మా నాన్న కూడా అదే చెప్తారు.

మే మొదటి వారంలో బయల్దేరతామన్నారు. క్రిటెయిర్ పోస్టులో రావడానికి టైం పడుతుంది, ఈ వారమే అప్లై చేసేయండి, అప్లై చేశాక వచ్చే మెయిల్ ప్రింట్ తీసి కారులో పెట్టుకోండి, స్టికర్ అప్పటికి రాకపోతే అదే చూపించొచ్చు. జర్మనీ స్టికర్ కోసం వస్తే మాత్రం వారం మధ్యలో వచ్చేలా ప్లాన్ చేసుకోండి, శనివారం సాయంత్రం వద్దు.