ముఖం చూపించని గ్రీన్ టర్టిల్

సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ కాకుండా పాత కామిక్స్‌లో మీకు నచ్చిన హీరో ఎవరని అడిగారు కదా. నా ఓటు గ్రీన్ టర్టిల్‌కే. 1944లో బ్లేజింగ్ కామిక్స్ అనే అమెరికన్ బొమ్మల పత్రికలో వచ్చాడు, అయిదు సంచికలతో ఆగిపోయాడు. చైనా గెరిల్లాల పక్షాన జపాన్ సైన్యంతో పోరాడేవాడు. గీసింది చు హింగ్ అనే చైనా సంతతి అమెరికన్.

మేముండేది న్యూజెర్సీలో. నాలుగో తరగతి చదివే మా పాపని బళ్లో 'నువ్వే సూపర్ హీరో అయితే' అని బొమ్మ వేయమన్నారు. మాస్కు, కేపు, రెండు జడలు, అన్నీ తనవే. ముఖానికి మాత్రం గులాబీ రంగు పూసుకొచ్చింది. 'సూపర్ హీరోలు ఇలాగే ఉంటారు కదా నాన్నా' అంది. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

మనలాంటి రంగున్న హీరో పాతవాళ్లలో ఒక్కడైనా లేడా అని వెతుకుతుంటే ఈ గ్రీన్ టర్టిల్ పాత సంచికల స్కాన్లు దొరికాయి. మర్నాడు పాపని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో పేజీ తిప్పాను. ముఖం సరిగ్గా కనబడితే ఒట్టు! ఒకచోట మనకి వీపు పెట్టి ఉంటాడు. ఇంకోచోట గుద్దడానికి ఎత్తిన తన చెయ్యే అడ్డం. వెనకాల మాత్రం పెద్ద తాబేలు నీడ, కళ్లేసుకుని నవ్వుతూ. కూడా ఉండే బర్మా బాయ్ 'నువ్వు గ్రీన్ టర్టిల్‌వి ఎలా అయ్యావు' అని అడుగుతాడు. చెప్పబోయేలోగా ఏదో ముప్పు ముంచుకొస్తుంది. మా పాప తల వంచి స్క్రీన్ పక్కనుంచి కూడా తొంగిచూసింది.

హింగ్ తన హీరోని చైనావాడిగా చూపిస్తానంటే పబ్లిషర్ ఒప్పుకోలేదని, అందుకే ముఖం దాచేశాడని ఒక కథ ప్రచారంలో ఉంది. రుజువు లేదంటారు. నాకు ఆ పేజీలే రుజువు. ఒకటి రెండుసార్లంటే సరే, ప్రతి కథలోనూ ఎవరైనా ఊరికే దాస్తారా? పైగా ఒంటికి వేసిన రంగు అచ్చం మా పాప పూసిన గులాబీయే. చైనీయుల్ని అమెరికాలోకి రానివ్వని చట్టం రద్దయింది 1943 డిసెంబర్‌లో. ఆ తర్వాత కూడా రానిచ్చింది ఏడాదికి 105 మందినే. గ్రీన్ కార్డు వరసలో పన్నెండేళ్లుగా ఉన్నవాణ్ని, ఆ అంకె చూస్తే కడుపు రగిలిపోతుంది.

2014లో జీన్ లుయెన్ యాంగ్, సోనీ ల్యూ కలిసి 'ద షాడో హీరో' అనే బొమ్మల నవలలో గ్రీన్ టర్టిల్‌ని చైనీస్ అమెరికన్ కుర్రాడిగా చూపించారు. సినిమావాళ్లకి మాత్రం ఇంకా ఆ సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్‌లే లోకం, తీసిందే తీస్తారు. ఆ పుస్తకం లైబ్రరీ నుంచి తెచ్చాను. తిరిగివ్వాల్సిన తేదీ రెండుసార్లు పొడిగించాను, పాప దిండు పక్కనుంచి కదలనివ్వడం లేదు.