పళ్ల డాక్టరంటే అమ్మకే భయం

ప్రశ్న: మాది నెల్లూరు, ఉండేది బెంగళూరు మారతహళ్లిలో. బాబుకు నాలుగున్నరేళ్లు. కింది దవడ పన్ను పుచ్చిపోయింది, తీపి తింటే జివ్వుమంటోందట. మొన్న క్లినిక్‌కు తీసుకెళ్తే కుర్చీ ఎక్కకుండా నా మెడ కరుచుకుని ఏడ్చాడు. పళ్ల డాక్టరంటే నాకూ చిన్నప్పటి నుంచి చెమటలు పడతాయి. నా భయమే వాడికి అంటుకుందా? ఈసారి నేను లోపలికి వెళ్లాలా, మానాలా? మా అత్తయ్యగారేమో ‘పాల పన్నేగా, ఊడిపోతుందిలే’ అంటున్నారు.

జవాబు: మీ అనుమానంలో కొంత నిజముంది. కొత్త చోటికి వెళ్లిన పిల్లవాడు ముందు అమ్మ ముఖం చూస్తాడు. తల్లిదండ్రుల భయానికీ పిల్లల భయానికీ ఉన్న ఈ సంబంధం ఎనిమిదేళ్లలోపు వారిలో ఎక్కువగా కనిపిస్తుంది. అలాగని తప్పంతా నెత్తిన వేసుకోకండి. నొప్పి, నిద్రమబ్బు, పాత టీకాల జ్ఞాపకం కూడా ఏడిపిస్తాయి. మీ భయం పూర్తిగా పోయేదాకా వాడి వైద్యం ఆపనక్కర్లేదు. అది వాడి కంట పడకుండా చూసుకుంటే చాలు.

ముందు మీ భయం ఎంతో కొలుచుకోండి. రేపు డాక్టరు దగ్గరికి వెళ్లాలి, బయట వరుసలో కూర్చున్నారు, పన్ను మీద మిషన్ పెట్టబోతున్నారు, పళ్లు శుభ్రం చేయబోతున్నారు, చిగురుకు సూది వేయబోతున్నారు. ఈ అయిదింటికీ ఒకటి (భయమే లేదు) నుంచి అయిదు (విపరీతం) వరకు మార్కులు వేసుకోండి. మొత్తం 19 గానీ, అంతకంటే ఎక్కువ గానీ వస్తే తీవ్రమైన భయమే. అప్పుడు వాళ్ల నాన్ననో, ధైర్యంగా ఉండే పిన్నినో లోపలికి పంపండి. మీ సొంత పళ్ల వైద్యం అదే రోజు, వాడి ఎదుట పెట్టుకోకండి.

మీరే వెళ్లేటట్లయితే వాడికి కనబడేలా కాళ్ల వైపు కూర్చుని, మోకాలి మీద చెయ్యి వేసి ఉంచండి. నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. మాట్లాడేది డాక్టరే అయి ఉండాలి. ఆయన కన్నడంలోనో ఇంగ్లిష్‌లోనో చెప్పింది వాడికి అర్థం కాకపోతే, అదే మాట అంతే నెమ్మదిగా తెలుగులో చెప్పండి. సొంతంగా ఏమీ కలపకండి.

అసలు చిక్కు మన మాటల్లోనే ఉంది. ‘సూది వెయ్యరులే, నొప్పి ఉండదులే’ అన్నాక, అంతవరకు సూది ఊసే లేని పిల్లవాడికి సూది గుర్తొస్తుంది. తీరా వేస్తే ఇక మీ మాటా నమ్మడు, డాక్టరు మాటా నమ్మడు. ‘ఏడవకుండా ఉంటే బొమ్మ కొంటా’ అంటే, అక్కడ ఏడవాల్సినదేదో ఉందని మీరే చెప్పినట్టు. ‘అల్లరి చేస్తే డాక్టరుతో సూది వేయిస్తా’ అనే బెదిరింపు ఇంట్లో ఎవ్వరూ అనకూడదు. ‘డాక్టరు నీ పళ్లు లెక్కపెడతారు’ అంటే సరిపోతుంది.

వెళ్లే ముందు వారం రోజులు ఇంట్లో వాడిని పడుకోబెట్టి, నోరు తెరిపించి, బ్రష్షుతో తాకుతూ పళ్లు లెక్కపెట్టండి. మొత్తం ఇరవై. సాయంత్రం బడి అయ్యాక రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో అలిసిపోయి వెళ్లే అపాయింట్‌మెంట్ వద్దు, టిఫిన్ అరిగాక ఉదయమే అడగండి. నొప్పి ఆగలేనంతగా లేదు కాబట్టి, మొదటి రోజు అద్దం, గాలి గొట్టం, తిరిగే బ్రష్షు మాత్రమే చూపించమనండి. ముందు చెప్పి, గోటి మీద చూపించి, తర్వాత పంటి మీద చేసే పద్ధతి ఇది. 1959 నుంచి పిల్లల దంతవైద్యంలో పేరున్నదే.

మత్తు ఇంజక్షన్ తప్పనప్పుడు చిగురును తుడిచి ఆరబెట్టి, జెల్ రాసి ఒకటి రెండు నిమిషాలు ఆగి, మందు మెల్లగా ఎక్కించాలి. హడావుడి చేస్తే నొప్పి తెలుస్తుంది. తర్వాత రెండు మూడు గంటలు పెదవి మొద్దుబారి ఉంటుంది, తెలియక కొరికేసుకుంటారు. తిమ్మిరి పోయేదాకా తినడానికి ఏమీ పెట్టకండి. కొరుక్కుంటే మర్నాడు తెల్లటి పొర కడుతుంది. అది చీము కాదు, వారం పది రోజుల్లో మానుతుంది.

అప్పటికీ కుదరకపోతే, పుచ్చు నరం దాకా పోలేదంటే పుచ్చు ముదరకుండా ఆపే మందు, 38 శాతం సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ రాయించవచ్చు. మిషన్ అక్కర్లేదు, కానీ పుచ్చినచోట నల్లమచ్చ శాశ్వతంగా ఉంటుంది. నైట్రస్ ఆక్సైడ్ వాయువుతో కూడా భయం తగ్గిస్తారు. అది ముక్కుతో పీల్చాలి గనక జలుబున్నా, గుక్కపెట్టి ఏడుస్తున్నా పనిచేయదు. పిల్లల పళ్లలో ఎం.డి.ఎస్. (దంతవైద్యంలో పీజీ) చేసినవారినే వెతకండి. విక్టోరియా ఆస్పత్రి దగ్గరున్న ప్రభుత్వ దంతవైద్య కళాశాలలో ఆ విభాగం ఉంది. చెంప వాచి జ్వరం వస్తే మాత్రం ఈ బుజ్జగింపులేవీ పెట్టుకోకుండా ఆ రోజే వెళ్లాలి.

అత్తయ్యగారికి చెప్పండి: పాల దవడ పళ్లు ఊడేది తొమ్మిది నుంచి పన్నెండేళ్ల మధ్య. పుచ్చు అన్నేళ్లు ఆగదు.

ప్రశ్న: మనవరాలికి ఏడాది నిండింది, ఆరు పళ్లు వచ్చాయి. కోడలు అప్పుడే పళ్ల డాక్టరుకు చూపిస్తానంటోంది. ఇంత చిన్నపిల్లకు అవసరమా? (ఒక తాతగారు, జయనగర్)

జవాబు: అవసరమేనండి, కోడలి మాట సరైనదే. మొదటి పన్ను వచ్చాక, ఏడాది నిండేలోపు ఒకసారి చూపించాలి. డాక్టరు, అమ్మ మోకాళ్లు ఆనించి ఎదురెదురుగా కూర్చుంటారు. పాప తల డాక్టరు ఒడిలో, నడుము నుంచి కింది భాగం అమ్మ ఒడిలో ఉంటుంది. ఏడిస్తే కంగారు పడకండి, నోరు బాగా తెరుచుకుంటుంది, ఒకటి రెండు నిమిషాల్లో చూసేస్తారు. ఇంట్లో బియ్యపు గింజంత ఫ్లోరైడ్ పేస్టుతో రోజుకు రెండుసార్లు తోమండి. పాల సీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చే అలవాటుంటే ఈ వారమే మాన్పించండి, పైవరుస ముందు పళ్లు మొదట పుచ్చేది దానివల్లే.