టెక్ సందేహాలు: గేమ్‌కి 86 వచ్చిందంటే, ఏ మెషీన్ మీద?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా గేమ్ రివ్యూల మీదే. స్కోరు చూసి కొని, ఆ తర్వాత తల పట్టుకున్నవాళ్లే వాళ్లలో ఎక్కువ. అందుకే మిగతా సందేహాలు వచ్చే వారానికి ఉంచి, ముందు వీటికి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: ఒక గేమ్‌కి మెటాక్రిటిక్‌లో 85కి పైనే ఉంది. అదే గేమ్ స్టీమ్ పేజీలో చూస్తే 'మిక్స్‌డ్' అని ఉంది. నాది గేమింగ్ ల్యాప్‌టాప్. రెండింట్లో ఏది నమ్మాలండీ?

జవాబు: రెండూ నమ్మొచ్చు. కాకపోతే అవి లెక్కపెట్టేది ఒకే విషయాన్ని కాదు.

మెటాక్రిటిక్ వెబ్‌సైట్ 2001 నుంచి ఉంది. పత్రికలు, వెబ్‌సైట్లు ఇచ్చిన స్కోర్లు స్టార్లలో ఉన్నా, పదికి మార్కుల్లో ఉన్నా, అన్నిటినీ వందకి మార్చి సగటు కడుతుంది. అందరి రివ్యూలకూ ఒకే విలువ ఇవ్వదు. కొన్నిటికి ఎక్కువ, కొన్నిటికి తక్కువ. ఎవరికి ఎంత అన్నది మాత్రం బయటపెట్టదు. 2015లో వచ్చిన ఓపెన్‌క్రిటిక్ ఇలాంటి హెచ్చుతగ్గులు పెట్టకుండా మామూలు సగటే చూపిస్తుంది. ఎంత శాతం మంది క్రిటిక్స్ ఆడమని చెప్పారో కూడా పక్కనే ఇస్తుంది. నేను ముందు చూసేది ఆ శాతాన్నే.

స్టీమ్ అంటే పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్. అక్కడ అసలు మార్కులే లేవు. రికమెండ్ చేస్తారా, చేయరా అని రెండే బటన్లు. చేస్తామన్నవాళ్లు 40 నుంచి 69 శాతం మధ్య ఉంటే 'మిక్స్‌డ్' అని పడుతుంది. 70 నుంచి 79 అయితే 'మోస్ట్‌లీ పాజిటివ్'. వంద మంది ఒక గేమ్ ఆడి, అందరూ 'పర్లేదు, బాగానే ఉంది' అనుకున్నారనుకోండి. వాళ్లు క్రిటిక్స్ అయితే తలా పదికి 7 వేస్తారు, సగటు 70 అవుతుంది. అదే వంద మంది స్టీమ్‌లో రికమెండ్ నొక్కితే 100 శాతం. గేమ్ మారలేదు, వాళ్ల అభిప్రాయమూ మారలేదు. స్టీమ్ శాతం చెప్పేది ఎంతమందికి నచ్చిందని, ఎంత నచ్చిందని కాదు.

ఇక మీరు చెప్పినంత తేడా కనిపిస్తే నేను ముందు అనుమానించేది పీసీ వెర్షన్‌ని. 2015 జూన్‌లో బ్యాట్‌మ్యాన్: ఆర్కమ్ నైట్ వచ్చినప్పుడు కన్సోల్ (ప్లేస్టేషన్ లాంటి గేమ్ మెషీన్) రివ్యూలు చాలా బాగున్నాయి. పీసీలో మాత్రం ఎంత అధ్వానంగా నడిచిందంటే, కొద్ది రోజులకే కంపెనీ పీసీ అమ్మకాలు ఆపేసింది. మళ్లీ అమ్మకానికి పెట్టింది అక్టోబరు చివర్లోనే. మెటాక్రిటిక్‌లో ఒక్కో ప్లాట్‌ఫామ్‌కి స్కోరు విడిగా ఉంటుంది. మనం పైన కనిపించే పెద్ద అంకె చూసి ఆగిపోతాం, అది ప్లేస్టేషన్‌దో పీసీదో చూసుకోం.

స్టీమ్ పేజీలో ఇంకో పని చేయండి. రివ్యూల దగ్గరికి వెళ్లి నెగటివ్ మాత్రమే ఎంచుకోండి. ప్రతి రివ్యూ పైన ఆ మనిషి ఎన్ని గంటలు ఆడాడో, రివ్యూ రాసే సమయానికి ఎన్ని గంటలు అయ్యాయో ఉంటుంది. '1.3 గంటలు, మొదటి ఊళ్లోకి వెళ్లగానే క్రాష్' అన్న రివ్యూలు వరసగా పది కనిపిస్తే అది టెక్నికల్ సమస్య. వాటి తేదీలు చూడండి. అన్నీ రిలీజ్ అయిన వారంలోవే అయితే ఈపాటికి ప్యాచ్, అంటే లోపాలు సరిదిద్దే అప్‌డేట్, వచ్చి ఉండొచ్చు. గత 30 రోజుల రివ్యూల శాతాన్ని స్టీమ్ విడిగా చూపిస్తుంది, దానితో పోల్చుకోండి. అలా కాకుండా '140 గంటలు ఆడాను, చివరి భాగంలో విసుగొచ్చింది' అన్నవి ఎక్కువుంటే ఆ నెగటివ్‌లకి అంత టెన్షన్ పడనక్కర్లేదు. 140 గంటలు కూర్చోబెట్టిన గేమ్ అది.

ప్రశ్న: రిలీజ్‌కి ముందే రివ్యూలు ఎలా వస్తాయి? కంపెనీలు డబ్బులిచ్చి రాయిస్తాయా?

జవాబు: పేరున్న సంస్థల్లో అలా జరగదు. కంపెనీ ముందుగా ఒక కాపీ ఇస్తుంది, దాన్ని రివ్యూ కోడ్ అంటారు. ఫలానా రోజు ఫలానా గంట వరకు ఏమీ బయటపెట్టకూడదన్న షరతు ఉంటుంది, దాన్ని ఎంబార్గో అంటారు. సినిమా వాళ్లు ముందుగా షో వేసి చూపించినట్టే ఇదీ. స్పాన్సర్డ్ అని రాసి ఉండే వీడియోలు వేరు, వాటిని ప్రకటనల కిందే లెక్కేసుకోండి.

నేను జాగ్రత్తగా చూసేది ఆ కోడ్ ఏ మెషీన్‌కి ఇచ్చారన్నది. సైబర్‌పంక్ 2077 సంగతి తీసుకోండి. అది 2020 డిసెంబరు 10న విడుదలైంది. అంతకు ముందు రివ్యూయర్లకు అందింది పీసీ వెర్షన్ మాత్రమే. పైగా మొదటి రివ్యూ వీడియోల్లో తాము ఆడిన దృశ్యాలు పెట్టడానికి వీల్లేదు, కంపెనీ ఇచ్చిన క్లిప్పులే వాడాలి. మంచి పీసీల మీద ఆడినవాళ్లు మెచ్చుకుంటూ రాశారు. ఆ మార్కులు చూసి పాత ప్లేస్టేషన్ 4 ఉన్నవాళ్లూ కొన్నారు. వాళ్లకి దొరికింది మసకబారిన బొమ్మలు, తరచూ ఆగిపోయే గేమ్. డిసెంబరు 18న ప్లేస్టేషన్ తయారుచేసే సోనీ దాన్ని తన స్టోర్ నుంచే తీసేసింది, మళ్లీ పెట్టింది 2021 జూన్‌లో. మెటాక్రిటిక్‌లో పీసీ వెర్షన్‌కి 86 ఉంటే, ప్లేస్టేషన్ 4 వెర్షన్‌కి 57.

ఆ రివ్యూయర్లు అబద్ధం రాశారని నేను అనను. తమ ముందున్న మెషీన్ మీద చూసిందే రాశారు. ఆ రోజు డబ్బు పెట్టి నష్టపోయింది మాత్రం, పాత కన్సోలే ఉన్నా ముందే బుక్ చేసుకున్న మామూలు జనం. ఇప్పటికీ ఆ విషయం తలచుకుంటే నాకు బాధగానే ఉంటుంది. మీ మెషీన్ మీద రివ్యూ ఒక్కటీ రాకపోతే, వచ్చేదాకా ఆగండి. రెండు రోజులు ఆగినందువల్ల గేమ్ ఎక్కడికీ పోదు.

ప్రశ్న: పదికి 7 వచ్చిందంటే బాగాలేనట్టేనా?

జవాబు: కాదు, కానీ మీకు అలా అనిపించడానికి కారణం ఉంది. మెటాక్రిటిక్‌లో సినిమాకి 61 వస్తే ఆకుపచ్చ రంగు పడుతుంది. గేమ్‌కి ఆకుపచ్చ రావాలంటే 75 ఉండాలి. సినిమాకి 70 వస్తే బాగుందనే రంగు, గేమ్‌కి అదే 70 వస్తే పసుపు. గేమ్ రివ్యూల్లో మార్కులన్నీ పైమెట్ల మీదే తిరుగుతుంటాయి కాబట్టి, 7 అనేసరికి అత్తెసరు మార్కుల్లా కనిపిస్తుంది.

తయారుచేసినవాళ్లకి ఇది ఇంకా పెద్ద తలనొప్పి. ఫాలవుట్: న్యూ వేగాస్ గేమ్ 2010లో వచ్చింది. దాన్ని తీసిన అబ్సిడియన్ స్టూడియోకి మెటాక్రిటిక్‌లో 85 వస్తే బోనస్ అని ఒప్పందం ఉందనీ, 84 దగ్గర ఆగిపోవడంతో ఆ బోనస్ రాలేదనీ ఆ గేమ్ డిజైనర్లలో ఒకరైన క్రిస్ అవెలోన్ 2012లో బయటపెట్టారు. ఎవరో ఒక రివ్యూయర్ 8కి బదులు 9 వేసి ఉంటే ఏమయ్యేదో. సగటు లెక్కకి మనుషుల జీతభత్యాలు ముడిపెట్టడం నా దృష్టిలో తప్పు.

గేమ్ రివ్యూలు రాసే వెబ్‌సైట్ యూరోగేమర్ 2015లో స్కోర్లు ఎత్తేసి, 2023లో ఐదు స్టార్ల రూపంలో మళ్లీ తెచ్చింది. అంకె లేకుండా పాఠకుణ్ణి ఒప్పించడం అంత కష్టం మరి. జపాన్ పత్రిక ఫామిట్సు పద్ధతి నాకు నచ్చుతుంది. నలుగురు విడివిడిగా పదికి మార్కులు వేస్తారు, కలిపితే 40. ఒకరు 9 వేసి ఇంకొకరు 6 వేస్తే, ఆ గేమ్ అందరికీ పడదని అక్కడే తెలిసిపోతుంది. సగటులో కనపడనిది అదే.

ప్రశ్న: క్రిటిక్స్ 90కి పైన ఇచ్చిన గేమ్‌కి యూజర్ స్కోరు మరీ అంత తక్కువ ఉంటుందేం?

జవాబు: కోపంతో జనం మూకుమ్మడిగా సున్నాలు వేయడం దీనికి మామూలు కారణం, రివ్యూ బాంబింగ్ అంటారు. ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2 విడుదలైన 2020 జూన్ 19నే వేలల్లో సున్నాలు పడ్డాయి. పూర్తి చేయడానికి 20 గంటలకు పైగా పట్టే గేమ్‌కి మొదటి రోజే అన్ని తీర్పులు ఎలా వస్తాయి? ఆ తర్వాతే మెటాక్రిటిక్, గేమ్ వచ్చిన 36 గంటల దాకా యూజర్లు రాయకుండా నిబంధన పెట్టింది.

అలాగని ప్రతిదాన్నీ కొట్టిపారేయకండి. 2024 మే నెలలో హెల్‌డైవర్స్ 2 ఆడే పీసీ వాళ్లంతా ప్లేస్టేషన్ అకౌంట్ లింక్ చేసి తీరాలని సోనీ ప్రకటించింది. ఆ అకౌంట్ సౌకర్యమే లేని దేశాల వాళ్లూ అప్పటికే డబ్బు పెట్టి కొని ఆడుతున్నారు. స్టీమ్‌లో రెండు లక్షలకు పైగా నెగటివ్ రివ్యూలు పడ్డాయి, కొద్ది రోజుల్లోనే సోనీ వెనక్కి తగ్గింది. ఆ కోపం న్యాయమైనది. అందుకే సున్నాలు కనిపిస్తే నాలుగు రివ్యూలు తెరిచి, కోపం గేమ్ మీదా, ఇంకో విషయం మీదా అన్నది చదవండి.

ప్రశ్న: మా అబ్బాయి కొనమంటున్న గేమ్ మీద 'పెగి 16' అని ఉంది. ఇది ఎంతకి 16?

జవాబు: అది మార్కు కాదమ్మా, వయసు. పెగి అనేది గేమ్‌లకు వయసు గుర్తులు ఇచ్చే యూరప్ పద్ధతి. హింస, భాష వంటివి చూసి, 16 ఏళ్లు నిండినవాళ్లకు తగినదని చెప్పే గుర్తు. గేమ్ బాగుందా లేదా అన్నదానితో దానికి సంబంధం లేదు. 90 మార్కులొచ్చిన గేమ్ మీద 18 అని ఉండొచ్చు. ముందు ఈ గుర్తు చూసి, ఆ తర్వాతే స్కోరు చూడండి.

ప్రశ్న: ఎప్పుడో వచ్చిన గేమ్‌కి అప్పటి రివ్యూలు ఇప్పుడు పనికొస్తాయా?

జవాబు: కథ, ఆట తీరు గురించి రాసినవి పనికొస్తాయి. బగ్గుల గురించి రాసినవి చాలావరకు పాతబడి ఉంటాయి. నో మ్యాన్స్ స్కై 2016 ఆగస్టులో వచ్చినప్పుడు కొన్నవాళ్లు తిట్టిపోశారు. తీసినవాళ్లు ఏళ్ల తరబడి ఉచితంగా అప్‌డేట్లు ఇస్తూ పోయారు. 2024 నవంబరులో స్టీమ్‌లో మొత్తం రివ్యూలు 'వెరీ పాజిటివ్'కి చేరాయి. మెటాక్రిటిక్‌లో మాత్రం అప్పటి స్కోర్లే ఉన్నాయి. నాకు ఆ గేమ్ కన్నా అన్నేళ్లు వదలకుండా పనిచేసిన ఆ చిన్న టీమ్ అంటేనే ఎక్కువ గౌరవం.

స్కోరులో కనపడని చిన్న చిన్న విషయాలు కూడా ఉంటాయి. ఒకసారి 90 దాటిన గేమ్ ఒకటి కొన్నాను. కన్సోల్ టీవీకి పెట్టి సోఫాలో కూర్చుంటే, తెర మీద డైలాగులు చీమల బారులా కనిపించాయి. అక్షరాలు పెంచే సెట్టింగ్ లేదు. మూడు రోజులు టీవీకి అడుగున్నర దూరంలో స్టూలు వేసుకుని ఆడి, మెడ పట్టేసి మానేశాను. నేను చదివిన ఏ రివ్యూలోనూ ఆ ముక్క లేదు. అప్పటి నుంచి కొనేముందు గేమ్ పేరుతో పాటు 'టెక్స్ట్ సైజు' అని కలిపి వెతుకుతున్నాను.

ఎన్ని చూసినా అనుమానం తీరకపోతే, స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే రీఫండ్ అడగొచ్చు. ఆ రెండు గంటలూ జాగ్రత్తగా వాడుకోండి. పాత్ర ముక్కూ జుట్టూ దిద్దుకుంటూ నలభై నిమిషాలు కూర్చోకండి, అదీ ఆ లెక్కలోకే వస్తుంది. దొరికిన పాత్రతో నేరుగా మొదటి పెద్ద పోరాటం దాకా వెళ్లండి. ఫ్రేములు పడిపోతే, అంటే బొమ్మ ఆగి ఆగి కదిలితే, అక్కడే పడిపోతాయి.